నాలుగు గంటల హూటర్

నవంబర్ 6, గురువారం

సాయంత్రం నాలుగు గంటలకు గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో హూటర్ మోగింది. ఎవరూ పరుగెత్తలేదు.

డెస్క్‌కు వార్తలో ఈ రెండు వాక్యాలే ముందు పంపాను. వెంటనే ఫోన్. "పరుగెత్తలేదంటే ఏమిటి? వినపడలేదా?"

వినపడింది. అందరికీ వినపడింది. అక్కడ ప్రతి గురువారం నాలుగింటికి హూటర్ టెస్ట్. నాలుగింటికే చాయ్. ఏళ్లుగా ఇంతే. ఇవాళ డ్రమ్ముల షెడ్డులో మంట చూసి ఎవరో హూటర్ నొక్కారు. గురువారం, నాలుగు గంటలు. పనివాళ్లు గ్లవుజులు తీసేసి చాయ్ కౌంటర్ వైపు నడిచారు. కౌంటర్ ఉన్నది ఆ షెడ్డు పక్కనే. డ్రమ్ములు పేలాయి.

ఎంతమంది అన్నది పేపర్లో ఉంటుంది. ఇక్కడ రాయను.

అక్కడే పనిచేసే నరేశ్ బతికాడు. నా భార్య సునీతకు ఫోన్ చేసి చెప్పాను. "నా తమ్ముడు నడుస్తున్నడా?" అని అడిగింది. నడుస్తున్నాడు.


నవంబర్ 7

పటాన్‌చెరు ఆసుపత్రి. నరేశ్‌కు చెయ్యి కాలింది, కొంచెమే. చెవుల్లో ఇంకా మోత ఉందంటాడు. లావణ్య మొగుడి పక్కనే కూచుని కమలాపండు ఒలుస్తోంది. ఒలిచి ఒలిచి అక్కడే పెడుతోంది, వాడికి తినిపించడం లేదు.

వాడు చెప్పింది —

"నేనూ లాల్‌బాబూ కలిసే పోతున్నం బావా. సగం దూరం పోయినంక గ్లాసు యాదికొచ్చింది. వాడు నవ్విండు. 'అరే నవాబ్, కప్పులో తాగు' అన్నడు. నేను వాపస్ తిరిగిన. గంతే."

అక్కడ అందరూ కాగితం కప్పుల్లోనే తాగుతారు. వీడికి ఒక్కడికే ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసు. కాగితం కప్పులో తాగితే కాగితమే తాగినట్లుంటుందట. గ్లాసు లోపలికి తేనివ్వరు కనుక లాకర్‌లో పెడతాడు. లాకర్ల గది రియాక్టర్ల వెనక. షెడ్డుకు రెండు గోడలు అడ్డం. అందుకే బతికాడు.

లాల్‌బాబు బీహార్ సమస్తిపూర్ వాడు. నవ్వుతూ ముందుకు పోయాడు.


నవంబర్ 9

నరేశ్‌ను ఇంద్రేశం తీసుకొచ్చి ఇంట్లో దింపాను. దారిలో ముత్తంగి దగ్గర వెనక నుంచి అంబులెన్స్. బండి పక్కకు తీశాను. వాడు దిగి రోడ్డు వారన ఉమ్మాడు. మళ్లీ ఉమ్మాడు.

వాంతి వస్తోందా అని అడిగాను.

"కాదు బావా." మూతి తుడుచుకున్నాడు. తర్వాత — "నోట్లో నీళ్లూరుతున్నయి. ఆ సప్పుడుకు. వాళ్లు సచ్చిపోయిన సప్పుడుకు నాకు చాయ్ యాదికొస్తున్నది."

భయం ఉంటుందనుకున్నాను. భయానికి ఏం చెప్పాలో కొంత తెలుసు. దీనికి తెలియదు.


నవంబర్ 11

సునీతకు చెప్పాను. ఆమె హైస్కూల్ టీచర్. చాక్‌పీసు దుమ్ము కడుక్కుంటూ వింది.

"బీఈడీల రాసిన ఈ ప్రశ్న. కుక్క, గంట, లాలాజలం. బొమ్మ గూడ గీసిన."

చేతులు తుడుచుకుని — "గంట కొట్టి అన్నం పెట్టిన్రు, పెట్టిన్రు... ఒకనాడు అదే గంట కొట్టి ఇల్లు కాలవెట్టిన్రు. అప్పుడు కుక్క ఏం చేస్తదో మాకు చెప్పలే."

నా ఫోన్ మోగింది. పోలీసు గ్రూపు మెసేజ్ శబ్దం. చెయ్యి బండి తాళంచెవి మీదికి పోయింది.

"సూడు. ఎవరికేమైందో సూడకముందే నీ చెయ్యి లేస్తది. నా తమ్ముడొక్కడే అన్నట్టు మాట్లాడుతవు."


నవంబర్ 13, గురువారం

కంపెనీ ప్రకటన వచ్చింది. హూటర్ సకాలంలో మోగింది. కార్మికులు శిక్షణలో చెప్పినట్టు గేటు దగ్గర అందరూ చేరాల్సిన అసెంబ్లీ పాయింట్‌కు వెళ్లలేదు.

రెండూ నిజాలే. రెండింటి మధ్య చాయ్ ఉంది. నా వార్తలో చాయ్ వాక్యం స్థలం లేక పోయింది. కోసింది డెస్క్‌లో కుర్రవాడు. అతను కొలత చూసి కోస్తాడు.


నవంబర్ 17

సంగారెడ్డి ఆసుపత్రిలో కౌన్సెలింగ్ చేసే మేడం. చిన్న వయసు. నరేశ్ చెప్పింది వింటూ ఒక్కసారి కూడా "అయ్యో" అనలేదు. నాకు నచ్చింది.

"సిగ్గుపడేది లేదన్నా. నోరు మీరు చెప్తే ఊరదు, వద్దంటే ఆగదు. దానికి నేర్పించిన్రు, అది నేర్చుకున్నది. ఇప్పుడు వేరేది నేర్పిద్దాం."

పద్ధతి ఇది. హూటర్ శబ్దం ఫోన్‌లో, మొదట సన్నగా. మోగగానే లేచి ఇంటి గేటు బయటికి నడవాలి. చాయ్ ఉండకూడదు. ఆ తర్వాత చాలాసేపు కూడా ఉండకూడదు. రోజూ. సౌండ్ మెల్లగా పెంచాలి.

లావణ్యకు ఇంకో పని అప్పజెప్పింది. ఆయన గేటు దాకా వెళ్తే ఏదైనా మంచి మాట అనాలి.

"మంచి మాటనా? పెండ్లయిన కాంచి అనలే మేడం," అంది లావణ్య. నరేశ్ నవ్వాడు. ఆ రోజు తర్వాత మొదటిసారి.


నవంబర్ 20

లావణ్య ఫోన్ — "అన్నా, మోగించిన. పోయిండు గేటు దాంక. ఎదురింటామె 'ఏందమ్మా, మొగన్ని ఎల్లగొడుతున్నవా' అంటున్నది."


నవంబర్ 24

నోరు ఊరడం తగ్గిందంటాడు. చెప్పడానికి భయపడుతూ చెప్పాడు, దిష్టి తగులుతుందన్నట్టు. నిన్న సౌండ్ పూర్తిగా పెట్టారు. లేచాడు, చెప్పులు కూడా తొడగకుండా వెళ్లాడు. లావణ్య "మస్తు పోయినవ్ పో" అందట. అదే ఆమె మంచి మాట.

సునీత ఇవాళ పాయసం చేసింది. రెండు గిన్నెలు తిన్నాను.


నవంబర్ 29

నరేశ్‌కు జ్వరం. అభ్యాసం ఆపారు.


డిసెంబర్ 3

జ్వరం తగ్గింది. సంగారెడ్డి వెళ్తున్నాం, బండి మీద వాడు నా వెనక. చౌరస్తాలో ఫైరింజన్ సైరన్. వాడి చెయ్యి నా నడుము దగ్గర తడిమింది. నా చొక్కా, నా జేబు.

"ఏం వెతుకుతున్నవురా?"

"గ్లాసు," అన్నాడు. అని తానే ఉలిక్కిపడ్డాడు.

మేడంకు చెప్పాం. ఆమె పెన్ను పక్కన పెట్టింది.

"నోరు ఊరిందా?"

"లేదు మేడం."

"అయితే అది వేరే పాఠం. చాయ్‌ది ఏండ్లు పట్టి నేర్చిన్రు. గ్లాసుది ఒక్కసారికే నేర్చిన్రు. గ్లాసు కోసం వాపస్ పోయిన్రు, బతికిన్రు. పానానికి అంతకంటే గట్టి పాఠం లేదు."

పోతుందా అని నేను అడిగాను.

"పూర్తిగ చెరిగిపోదు సార్. దాని మీద కొత్తది వేస్తం. నాలుగు రోజులు గ్యాప్ వస్తే కిందిది పైకొస్తది. కొత్తది గట్టిపడాలె. టైం కావాలె."

ఎంత టైం అంటే చెప్పలేదు. చెప్పలేనిది చెప్పలేదు. దాన్ని కూడా గౌరవించాను. 


డిసెంబర్ 8

కంపెనీ నుంచి నరేశ్‌కు పిలుపు. కాలని బ్లాకు మళ్లీ మొదలవుతోంది. ఈ వారం రాకపోతే పేరు తీసేస్తారు. ఇంకొన్నాళ్లు ఆగమన్నాను.

"ఆగితే ఎవడు తీసుకుంటడు బావా? కాలిన కంపెనీల కెల్లి వచ్చినోడని పక్క కంపెనీ గేటు కూడా తియ్యడు."

 జవాబు ఉన్నట్టు కాసేపు ముఖం పెట్టాను.


డిసెంబర్ 11, గురువారం

ఫ్యాక్టరీలో మాక్ డ్రిల్. విలేకరులను పిలిచారు. వెళ్లాను. లోపలికి అడుగుపెట్టడం నాకు ఇదే మొదటిసారి. కాలిన షెడ్డు చుట్టూ పచ్చ గుడ్డ కట్టారు.

నాలుగింటికి హూటర్. ఛాతీలో తగిలింది. పనివాళ్లు లోపలి నుంచి గేటు వైపు వేగంగా వచ్చారు. నిజంగానే వేగంగా. అసెంబ్లీ పాయింట్ బోర్డు కింద బల్ల, బల్ల మీద రెండు పెద్ద ఫ్లాస్కులు, కాగితం కప్పులు.

సేఫ్టీ ఆఫీసర్ విజయవాడ వైపు వ్యక్తి. మంచివాడే. నా చెవి దగ్గరికి వంగి — "చూశారాండీ, ఎంత త్వరగా వచ్చేశారో! టీ ఇక్కడికి మార్పించానండీ. అదే కిటుకు. ఉపన్యాసాలు చెప్తే ఎవరొస్తారు చెప్పండి?"

తప్పని అనలేకపోయాను. పని చేస్తోంది కదా.

లెక్క చూస్తున్నారు. ఒకరు తక్కువ.

నరేశ్ చివర వచ్చాడు. అందరూ వచ్చిన వైపు నుంచి కాదు. రియాక్టర్ల వెనక నుంచి. చేతిలో స్టీలు గ్లాసు.

అందరూ నవ్వారు. "నవాబ్ సాబ్ వచ్చిండు, చాయ్ పోయున్రి, పోయున్రి!" అని ఎవరో అరిచారు. ఆఫీసర్ కూడా నవ్వాడు. "మీ బావమరిదే కదండీ? గ్లాసు లేనిదే తాగడు!"

నరేశ్ నా వైపు చూశాడు. నవ్వలేదు.

ఈసారి అంటుకునేది రియాక్టరైతే? లాకర్ల గది దాని వీపుకు ఆనుకుని ఉంది.


డిసెంబర్ 12

పేపర్లో వచ్చింది — మాక్ డ్రిల్ విజయవంతం. ఫొటో కంపెనీది. కింద నా పేరు. నేను రాసిన వార్తలో అబద్ధం ఒక్కటి లేదు. మూడుసార్లు చదివాను. ఒక్కటి లేదు.

సునీత చదివి మడిచి పక్కన పెట్టింది.


డిసెంబర్ 14

ఇంద్రేశం. నరేశ్‌ను అడిగాను, ఎందుకు పోయావని.

"నేను పోలే బావా. కాళ్లు పోయినయి. లాకర్ తీసినంక తెలిసింది నేనేడున్ననో."

గ్లాసు నేను తీసుకుపోతానన్నాను. లావణ్య అడ్డం పడింది — "అదీ చేసిన అన్నా. బియ్యం డబ్బాల దాచిపెట్టిన. హూటర్ పెడితే వంటింట్లకొచ్చి గిన్నెలన్నీ కిందేసిండు. దొరకకపోతే ఇంట్ల నుంచి కదుల్తలేడు."

దొరికితే తప్పు చోటికి పోతాడు. దొరకకపోతే ఎక్కడికీ పోడు.


డిసెంబర్ 15

సేఫ్టీ ఆఫీసర్‌కు ఫోన్. వాడి గ్లాసు లోపల వాడి దగ్గరే ఉండనివ్వండి, వెతుక్కునే పని ఉండదు అన్నాను.

"ప్రొడక్షన్‌లోకి గ్లాసా? మందులు చేసే చోటండీ. ఆడిట్‌లో పట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది."

టెస్ట్‌కు వేరే శబ్దం పెట్టండి, నిజమైనదానికి వేరే.

"హూటర్ ఒక్కటేనండీ."

వాడికి గేటు దగ్గర డ్యూటీ వేయండి.

"అది హెచ్ఆర్ చూడాలండీ." ఆగి — "మీరు మరీ ఆలోచిస్తున్నారు సార్. నాలుగు డ్రిల్స్ అయితే అతనే సర్దుకుంటాడు."

సర్దుకోవచ్చు. నాలుగు డ్రిల్స్ దాకా ఏమీ జరగకపోతే.


డిసెంబర్ 16

ఆలోచన లావణ్యది. నాకు రాలేదు, మేడంకు రాలేదు.

"గ్లాసు గేటుకాడనే పెడితే, అన్నా? వాచ్‌మెన్ గదిల. గ్లాసు ఏడుంటే ఈయన కాళ్లు ఆడికే పోతయి గద."

మేడంకు ఫోన్‌లో చెప్పాను.  "మంచి ఆలోచన సార్. కానీ కాళ్లకు తెలవాలె. చెవికి చెప్తే సరిపోదు. ఆ చప్పుడుతోటి, ఆ జాగల, చాలాసార్లు నడిపియ్యాలె."

ఆ జాగలో నడిపించడానికి ఆ జాగ మాది కాదు.


డిసెంబర్ 17, బుధవారం

నరేశ్, లావణ్య, నేను గడ్డపోతారం వెళ్లాం. వాచ్‌మెన్ ఒరిస్సా మనిషి. గ్లాసు తీసుకుని తిప్పి చూశాడు. "ఇందులో ఏముంది?" ఏమీ లేదు, ఉంచు చాలు అన్నాడు నరేశ్. కిటికీలో పెట్టించాం, బయటికి కనపడేట్టు. లావణ్య దాన్ని కొంగుతో తుడిచి పెట్టింది.

గేటు బయట నరేశ్‌ను కొన్నిసార్లు నడిపించాను. రోడ్డు మీది నుంచి కిటికీ దాకా. ఫోన్‌లో హూటర్ పెట్టి. లారీల చప్పుడులో అది సరిగా వినపడలేదు. టిప్పర్ డ్రైవర్ ఒకడు బండి ఆపి మరీ చూశాడు. నరేశ్ ప్రతిసారీ కిటికీ దగ్గరికే వెళ్లాడు. లాకర్ల గది ఇటు నుంచి కనపడదు మరి.

వస్తుంటే వాడి జేబులో తాళంచెవి గలగల. లాకర్‌ది.

"అది ఇచ్చెయ్యిరా."

"బట్టలు అండ్లనే ఉంటయి బావా. యూనిఫారం." నిజమే. యూనిఫారం లేకుండా లోపలికి పంపరు.

ఇంటి దగ్గర దిగుతూ అడిగాడు — "రేపు ఏమన్న అయితే అని కాదు... నువ్వు ఆడ ఉంటవా?"

ఉంటానన్నాను. గేటు బయట ఉంటానని చెప్పలేదు. వాడికీ తెలుసు. డ్రిల్ రోజు తప్ప విలేకరిని లోపలికి రానివ్వరు.

రేపు గురువారం. నరేశ్‌కు మధ్యాహ్నం మొదలయ్యే రెండో షిఫ్ట్. ఇన్నాళ్లూ కడిగే పనే; బ్లాకు రేపటి నుంచే నడుస్తుంది, రియాక్టర్లు వేడి మీద ఉంటాయి. గ్లాసు వాచ్‌మెన్ కిటికీలో ఉంది. తాళంచెవి వాడి జేబులో ఉంది.

నాలుగింటికి హూటర్.