ఫోన్‌లో నేను

ఫిబ్రవరి 7, శనివారం

ఫోన్ల రోజు. చెల్లి తొమ్మిదిన్నరకి కింది అంతస్తు నుంచి వచ్చింది, తడి జుట్టుకి చుట్టిన తువ్వాలుతోనే. టేబుల్‌కి అటు అది, ఇటు నేను, మధ్యలో రఫ్ నోట్‌బుక్. ఈ వారం మూడు కాల్స్: బ్యాంకు, పైపులు బాగుచేసే మనిషి, చెవుల ఆస్పత్రి.

పదకొండేళ్ళుగా పద్ధతి ఒకటే. చెల్లి నా ఫోన్ తీసుకుని నేనైపోతుంది. నా పుట్టినతేదీ, అడ్రసు, చదివిన స్కూలు పేరు గడగడా చెప్పేస్తుంది. తెలియనిది అడిగితే కనుబొమలు ఎగరేస్తుంది, నేను నోట్‌బుక్‌లో రాసి చూపిస్తాను. మొదట్లో నిజమే చెప్పేవాళ్ళం, మా అక్కకి వినపడదు, తన తరఫున నేను మాట్లాడుతున్నాను అని. అవతలివాళ్ళు ఆ అక్కకే ఫోన్ ఇవ్వమనేవారు. ఒకరోజు చెల్లికి విసుగొచ్చి, అరనిమిషం ఆగి, గొంతు కాస్త మార్చి, చెప్పండి నేనే అనేసింది. అప్పట్నుంచీ అంతే.

దాని పెదవుల మీద 'నేను' అన్న మాట కదలడం చూస్తూ కూర్చుంటాను. నా తరఫున జోకులేస్తుంది. నా తరఫున నవ్వుతుంది. ఫోన్‌లో నేను చాలా సరదా మనిషినట.

ఆస్పత్రి కాల్ ఇరవై నిమిషాలు పట్టింది. చెవి లోపల మెషిన్ అమర్చే ఆపరేషన్‌కి నా పేరు లిస్టులో ఉంది. కమిటీ ముందుకు వెళ్ళాలంటే ఆస్పత్రివాళ్ళు అడిగే ప్రశ్నలకి జవాబులివ్వాలి, అదీ ఫోన్‌లోనే. మెయిల్ రాస్తే దయచేసి కాల్ చేయండి అని జవాబొస్తుంది, అది చెవుల ఆస్పత్రి మరి. చెల్లి నేను రాసిచ్చినవే చెప్పింది, ఒక్క అబద్ధం లేదు. రిసెప్షన్ అమ్మాయితో స్నేహం కూడా కలిసిందట.

ఫిబ్రవరి 10, మంగళవారం

నీళ్ళు పరీక్షించే మా ల్యాబ్‌లో కొత్త సూపర్‌వైజర్ నా వెనక నిలబడి పది నిమిషాలు ఏదో వివరించారట. నేను సీసాలకి లేబుళ్ళు అతికిస్తున్నాను.

ఫిబ్రవరి 12, గురువారం

లిస్టులోంచి నా పేరు తీసేశారు.

ఉత్తరం రెండు పేరాలే. రిపోర్టుల్లో వినికిడి లోపం తీవ్రంగా ఉందని ఉన్నా, పేషెంటు ఫోన్‌లో ఎవరి సాయమూ లేకుండా, తడుముకోకుండా, హాస్యంగా మాట్లాడారని నమోదైంది. కాబట్టి ప్రస్తుతానికి ఆపరేషన్ అవసరం కనిపించడం లేదు. అభ్యంతరం ఉంటే ఇరవయ్యో తేదీలోగా పేషెంటు స్వయంగా ఫోన్ చేయాలి.

'హాస్యంగా' దగ్గర ఆగిపోయాను.

శనివారం ప్రశ్నల్లో ఒకటి, తెలియనివాళ్ళతో ఫోన్‌లో మాట్లాడగలరా అని. అస్సలు కుదరదండీ అని చెల్లి చెప్పింది, తెలియని అమ్మాయికి, ఫోన్‌లో. నేను పక్కనే కూర్చుని తలూపాను. ఇద్దరం చదువుకున్నవాళ్ళమే.

కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమ చెవిలో మిగిలింది ఈ ఏడాది దాటేలా లేదని, నరం పూర్తిగా చచ్చుబడ్డాక మెషిన్ పెట్టినా లాభం ఉండదని డాక్టరు కాగితం మీద రాసి చూపించారు. లిస్టులోంచి పోతే మళ్ళీ వంతు రావడానికి రెండేళ్ళు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

కమిటీని తప్పుపట్టలేకపోతున్నాను. ల్యాబ్‌లో నేను చేసేదీ అదే. లేబుల్ మీద ఏం రాసున్నా సీసాలో నీళ్ళనే నమ్ముతాను.

ఇంకో సంగతి కూడా పొద్దున్నుంచీ తొలుస్తోంది. చెల్లి మంచితనం అనుకున్నది నా సౌకర్యం కాదా? వినపడదు అని నోరు తెరిచి చెప్పాల్సిన ప్రతిచోటా దాన్ని ముందుకి తోసి నేను పక్కకి తప్పుకున్నానేమో.

ఏమో. తప్పంతా నాదే అనుకోవడం కూడా ఒక రకంగా గొప్పలు పోవడమేనేమో.

ఫిబ్రవరి 14, శనివారం

చెల్లి నిజం చెప్పేస్తానని ఆస్పత్రికి ఫోన్ చేసింది. రిసెప్షన్ అమ్మాయి గొంతు గుర్తుపట్టి, బాగున్నారా అని పలకరించిందట. నేను పేషెంటుని కాదు, వాళ్ళ చెల్లెల్ని అంటే ఆ అమ్మాయి నవ్విందట, మీ జోకులు మీవేనండీ అని. కాదమ్మా నిజంగానే అని ఇది బతిమాలింది. అప్పుడు ఆ అమ్మాయి గట్టిపడింది. వేరే మనిషి మాట్లాడి ఉంటే జవాబులన్నీ రద్దవుతాయట, పేషెంటుకే ఫోన్ ఇవ్వాలట. పేషెంటుకి వినపడదని చెప్తే, మరి ఇన్నాళ్ళూ నాతో మాట్లాడింది ఎవరండీ అని అడిగిందట.

ఫోన్ పెట్టేసి, నీ కొంప నేనే ముంచానక్కా అంది. కళ్ళు తుడుచుకుంది.

ఊరుకో అని రాయబోయాను. పెన్ను ఇంకోటి రాసింది. 'నేనుగా ఉండటం నీకూ బాగానే ఉంది కదా.'

అది చదివి, టీ అలాగే వదిలేసి కిందకి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 16, సోమవారం

ల్యాబ్‌లో పక్క సీటావిడ నా ఫోన్‌లో యాప్ పెట్టింది, అవతలివాళ్ళ మాటలు అక్షరాలుగా వస్తాయి. మధ్యాహ్నం ఆస్పత్రికి ప్రయత్నించాను. రికార్డింగ్ గొంతు ఏ అంకె నొక్కమందో తెరమీద పడేసరికి లైన్ కట్. ఏడుసార్లు.

చెల్లి కనపడలేదు. మెట్ల దగ్గర చెప్పులు మాత్రం ఉన్నాయి.

ఫిబ్రవరి 18, బుధవారం

సాయంత్రం వచ్చింది. కూర్చోలేదు. చేతిలో కాగితం: ఎత్తిన పన్నెండు సెకన్లకి 2 నొక్కాలి. తర్వాత ఎనిమిది సెకన్లకి 4. తర్వాత పాట. పాట నాలుగు నిమిషాలు దాటితే లైన్ దానంతటదే కట్టయిపోతుంది. వాచీ పెట్టుకుని అయిదుసార్లు చేసి లెక్కకట్టిందట.

మనిషి లైన్లోకి రాగానే టేబుల్ మీద తడతాను, పక్కన కూర్చోనా అని అడిగింది.

"వద్దు. నువ్వు పక్కనుంటే ఫోన్ నీకే ఇచ్చేస్తాను" అన్నాను. రాయలేదు, పైకే అన్నాను.

కాగితం నా ముందు పెట్టింది. తర్వాత అంది, కాస్త మెల్లిగా మాట్లాడు, నీ గొంతుకి ఆ పిల్ల చెవులు కూడా పోగలవు. అప్పుడు కూర్చుంది.

శనివారం రాసింది తప్పని చెప్పాను. తప్పేం కాదులే, కొంచెం బాగానే ఉండేది అంది.

ఫిబ్రవరి 19, గురువారం, మధ్యాహ్నం 1.20

ల్యాబ్ స్టోర్‌రూమ్. ఖాళీ సీసాల అరల మధ్య స్టూలు. చేశాను.

అవతల ఎత్తారని తెలిసేది తెరమీద సెకన్లు మొదలైనప్పుడే. పన్నెండుకి 2. ఇరవైకి 4. స్టోర్‌రూమ్‌లో నెట్ అందదు, యాప్ పనిచేయదు; ఆ తర్వాత అవతల ఉన్నది పాటో, మనిషో నాకు తెలిసే దారి లేదు. అందుకే కాగితం మీద రాసుకున్నది మూడుసార్లు చెప్పాలనుకున్నాను. ఒక్కసారైనా మనిషి చెవిన పడుతుందని.

"నమస్తే. పేషెంటుని నేను. ఇన్నాళ్ళూ మీతో మాట్లాడింది మా చెల్లెలు. నాకు వినపడదు. మీరిప్పుడు ఏం చెబుతున్నా నాకు తెలియదు." తర్వాత ఫైలు నంబరు, మెసేజ్ పంపమన్న విన్నపం.

మొదటిసారి పాటకే చెప్పి ఉంటాను. రెండోసారి మెల్లిగా చెప్పాను. అది అయ్యేసరికి అయిదు నిమిషాలు దాటింది. లైన్ కట్ కాలేదు. చెల్లి లెక్క ప్రకారం అవతల ఎవరో ఉండాలి.

మూడోసారి కాగితం చూడలేదు. చెల్లిది తప్పు కాదని, నాకంటే అదే సరదా మనిషని చెప్పాను. ఫోన్ మోగితే నాకు వెలుగు తప్ప ఇంకేం తెలియదని చెప్పాను. ఆపరేషన్ తర్వాత వినపడేది నాకు నచ్చుతుందో లేదో తెలియదని, అయినా కావాలని చెప్పాను. ఇలా 'కావాలి' అని ఎవరితోనైనా అని ఎన్నేళ్ళయిందో.

పదకొండు నిమిషాల నలభై సెకన్లు. నేనే కట్ చేశాను.

ఇప్పుడు అనుమానం: భోజనాల వేళ. ఫోన్ ఎత్తి బల్లమీద పెట్టేసి వెళ్ళిపోయి ఉంటే?

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఇవాళే ఆఖరు. మధ్యాహ్నం దాకా ఏమీ లేదు.

4.05. మెసేజ్. '26న మళ్ళీ పరీక్ష. మీ చెల్లెలిని కూడా తీసుకురండి.'

చెల్లి రెండుసార్లు చదివింది. ఇద్దరినీ కలిపి వాయిస్తారేమో అంది. ఏ చీర కట్టుకోవాలో అడిగింది.

ఫిబ్రవరి 26, గురువారం

కౌంటర్ దగ్గర చెల్లి నమస్తే అనగానే ఆ అమ్మాయి తలెత్తి, నవ్వి, నా ఫైలు దాని చేతికిచ్చింది. చెల్లి నాకిచ్చింది.

గాజు గదిలో గంటన్నర. పేరు మళ్ళీ లిస్టులోకి ఎక్కింది.

బయల్దేరుతుంటే ఆ అమ్మాయి కౌంటర్ దాటి వచ్చింది. పెదవులు నాకు కనపడేలా ఎదురుగా నిలబడింది.

"ఆ రోజు మీరు మాట్లాడుతున్నంతసేపూ నేనూ మాట్లాడుతూనే ఉన్నానండీ. అలవాటు."

ఏమన్నారు అని అడిగాను.

"వింటున్నానండీ, అని."