లెస్ గోల్‌కి మోగిన హారన్

నా ఎర్రజుట్టు బ్లూయీకి, అమ్మ రాయునది.

నీ తమ్ముడు నెవ్ అంత్యక్రియలకి నీకు రైలు అందలేదని బాధపడకు. ఆ ఎడారిలో పట్టాలు వేసేవాడివి, నువ్వేం చేస్తావు? ఆ రోజు పక్కూరు విర్రబీ వాళ్ళతో ఫుట్‌బాల్ ఆట. నెవ్ గాల్లోకి లేచి చేతులతో బంతి పట్టబోయాడు. వాళ్ళ జట్టు లెస్ ప్లమ్మర్ మోకాలు వాడి తలకి తగిలింది. ఆ రాత్రి నిద్రలోనే పోయాడు. ఇంతకంటే రాయలేను.

ప్రతి సోమవారం జట్టు బనియన్లు ఉతుకుతూనే ఉన్నాను. నెవ్‌ది, ఏడో నంబరుది మాత్రం బట్టల తీగ మీంచి తియ్యలేదు. మీ నాన్న కోచ్ పని మానేశాడు. భోజనానికి పిలిస్తే షెడ్డులోంచి రాడు. గోధుమ మొలకలు బాగున్నాయి.

మీ అమ్మ

*

ప్రియమైన అమ్మకి,

విర్రబీ వాళ్ళతో ఫైనల్ పడుతుందంటున్నారు. సెలవు పెట్టి వస్తున్నాను. నెవ్ బనియను నాకు ఉంచు. నాకు గోల్స్ అక్కర్లేదు. ఆ లెస్ గాడు మళ్ళీ కాళ్ళ మీద నడవకూడదు, అంతే. "మీ నాన్న చేతకానివాడా, ఊరుకున్నాడు?" అని ఇక్కడి వాళ్ళు కూడా అడుగుతున్నారు. నాన్నకి చెప్పు, ఆయన తరఫున నేను చూసుకుంటానని.

నీ బ్లూయీ

*

బ్లూయీ, నా తండ్రీ,

నీ ఉత్తరం మీ నాన్నకి చదివి వినిపించాను. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో కాస్త వెలుగు కనపడింది. అది చూసి నాకు భయమేసింది.

మొన్న శనివారం విర్రబీ వాళ్ళు మామూలు ఆటకి మన ఊరొచ్చారు. లెస్ బంతి ముట్టుకుంటే చాలు, "నరహంతకా! అమ్మ ఒడిలోకి పోరా!" అని మనవాళ్ళ అరుపులు. వాడు తల ఎత్తలేదు. మూడో క్వార్టర్‌లో గోల్ కొట్టాడు. గోల్ పడితే మైదానం చుట్టూ కార్లన్నీ హారన్ కొడతాయి కదా. ఒక్కటీ మోగలేదు. వాళ్ళ ఊరి కార్లు కూడా మోగలేదు. ఆ పిల్లాడు మధ్యలో అలా నిలబడిపోయాడు. నెవ్ వయసే.

నేను మన కారు హారన్ నొక్కి పట్టుకున్నాను.

"ఏంటే, మతి పోయిందా?" అన్నాడు మీ నాన్న.

"గోల్ కొట్టాడు కదయ్యా" అన్నాను.

ఆయన కారు దిగి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

నీకు రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు దెబ్బ తగిలాక నెవ్ బయటికొచ్చి కూర్చున్నాడు. నేను పక్కనే ఆటగాళ్ళకి నారింజలు ముక్కలు కోస్తున్నాను. వాడి బదులు దింపడానికి మనకి ఇంకో ఆటగాడు లేడు. మీ నాన్న, "లేవరా" అన్నాడు.

"నాన్నా, గోల్ స్తంభాలు రెండేసి కనపడుతున్నాయి."

"మంచిదేగా, గోల్ పెద్దదయింది. పో, కొట్టు!"

అందరూ నవ్వారు. నెవ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే లోపలికెళ్ళి ఆట ముగిసేదాకా ఆడాడు.

మీ నాన్నకి ఈ సంగతి తెలుసు. అందుకే లెస్‌ని నువ్వు కొట్టాలని చూస్తున్నాడు. నువ్వు కొడితే తప్పంతా లెస్‌దే అవుతుంది, ఆయనకి. నా ఇంకో కొడుకు జైల్లో, ఇంకో తల్లి ఇంట్లో ఏడుపు, అంతేగా మిగిలేది. ఆ బనియను నీకివ్వను. తీగ మీంచి తీసి మడతపెట్టాను.

ఫైనల్ అయిపోయాక రా. వచ్చి షెడ్డులో మీ నాన్న పక్కన కూర్చో. తిట్టాలనుంటే తిట్టు. కానీ కూర్చో. నాతో ఆయన మాట్లాడటం లేదు.

అక్కడ డబ్బా మాంసంతో సరిపెట్టుకోకు. వేడిగా వండించుకుని, కడుపునిండా తిను, నాయనా.