నిండు అన్న మాట

మంగళవారం, హిందూపురం

మా కోడలు రేఖకు నెలలు నిండాయని, ఏ రోజైనా కాన్పు కావచ్చని పొద్దున డాక్టరమ్మ చెప్పింది. రేఖకు పోయినసారి బిడ్డ కడుపులోనే పోయింది. అందుకే ఆ మాట వినగానే నా ప్రాణం కుదుటపడింది.

మధ్యాహ్నం డబ్బా చూసి, "బియ్యం నిండుకున్యాయి, తెప్పియ్యల్ల" అన్నాను.

"నిండుగా ఉంటే మళ్లా ఎందుకత్తా?" అంది రేఖ. కర్ణాటక పిల్ల, ఆమెకు ఆ మాట కొత్త.

నాకు నవ్వొచ్చింది. ఇంట్లో 'అయిపోయినాయి' అనకూడదని మా అవ్వ చెప్పేదని, అందుకే ఖాళీ అయినా నిండుకుందంటామని చెప్పాను. రేఖ నవ్వలేదు. కాసేపటికి కడుపు మీద చెయ్యి పెట్టుకుని అడిగింది.

"నాకు నెలలు నిండినాయన్నారే, అదీ అట్లాంటి మాటేనా అత్తా?"

"కాదమ్మా. అది నిజంగా నిండడమే. బిడ్డ కదుల్తాండాది కదా."

తలూపింది గానీ అన్నం సరిగా తినలేదు. మనిషి పోతే నూరేళ్లు నిండాయంటామని మాత్రం నేను చెప్పలేదు. ఒకే మాటను ఇన్నిటికి ఎందుకు వాడుకుంటున్నామో...

రాత్రి వంట చేస్తుంటే నూనె సీసా ఖాళీ అయింది. "నూనె అయిపోయింది రేఖా" అన్నాను. ఈ ఇంట్లో ఆ మాట నా నోటి నుంచి రావడం ఇదే మొదలు.