నిలబడ్డచోటే నడిచిన ట్రంపెట్

నాయనా,

ట్రంపెట్లు, శాక్సొఫోన్లు పెట్టి మా బ్యాండు చేసిన మొదటి బ్లూస్ రాక్ ఆల్బమ్ ఈ రోజు విడుదలైంది. ధర్మవరంలో మన వీధివాళ్లు మగ్గాలు ఆపి మరీ విన్నారు. అందులో నీ అడుగుల చప్పుడు లేదు.

పెనుకొండలో రికార్డింగ్ నాడు నీకు కుర్చీ వేస్తే, "హిందూపురం పెళ్లిళ్లలో నడుస్తా ఊదినోణ్ణి, కూచుంటే నాకు రాదబ్బా" అని, నిలబడ్డచోటే అడుగులేస్తూ ట్రంపెట్ ఊదావు. ఆ చప్పుడు తీసేయనని గిటారు వాయించే శీనుగాడు నీ చేయి పట్టుకుని మాటిచ్చాడు.

ఇప్పుడు అడిగితే, "అడుగుల చప్పుడు పాటకు అడ్డమొస్తాందని, మీ నాయన పోయినాక బెంగుళూరాయనతో మళ్లీ ఊదించినాం. నువ్వు ఒప్పుకోవని చెప్పలేదప్పా" అన్నాడు. ఆల్బమ్ మీద మాత్రం నీ పేరే వేశాడు.

పక్కింటి మామ వచ్చి, "ఏం ఊదినాడబ్బా మీ నాయన!" అని కళ్లు తుడుచుకున్నాడు. అది ఎవరో కుర్చీలో కూర్చుని ఊదిందని చెప్పలేక తలూపాను.