నువ్వు రమ్మన్న సముద్రం

అక్కా,

నువ్వెప్పుడూ రమ్మనే, వేల్స్‌లోని ఆ దీవికి మొన్న వెళ్ళొచ్చాను. నీ సంవత్సరీకమని మా ఆయన ఆఫీసుకు సెలవు పెట్టి అత్తయ్యను చూసుకున్నారు కాబట్టి కుదిరింది.

బావ నీ రెయిన్‌కోటు నా చేతికిచ్చి, నీ అస్థికలు కలిపిన తీరానికి తీసుకెళ్ళారు. కొండ అంచుదాకా గొర్రెలు మేస్తున్నాయి. నీళ్ళు నువ్వు పంపిన ఫోటోల్లోకన్నా నీలంగా ఉన్నాయి. గాలికి నిలబడలేక రాళ్ళ మీద కూర్చున్నాం.

"మీ అక్క ఇక్కడికొస్తే ఓ పట్టాన కదిలేది కాదమ్మా," అన్నారు బావ. నాకూ లేవాలనిపించలేదు.

ఇప్పుడు మళ్ళీ సింగపూర్‌లో, యూ టీ అనే పేటలోని మా ఫ్లాట్‌లో ఉన్నాను. అత్తయ్యకు మతిమరుపు ముదిరింది. ఒక్కరే లిఫ్టెక్కి వెళ్ళిపోతారేమోనని గుమ్మానికున్న ఇనపగేటుకు లోపలినుంచి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని తిరుగుతున్నాను. కూరలకు కిందికి దిగాలన్నా ఆయన ఇంటికి రావాల్సిందే.

"ఎక్కడికెళ్ళావే ఇన్నాళ్ళూ?" అని అత్తయ్య పదేపదే అడుగుతారు. ప్రతిసారీ మొదటినుంచీ చెబుతాను. ఈ రోజు మాత్రం ఇంకో మాట అడిగారు.

"మీ అక్కను వెంటబెట్టుకు రాలేదూ?"

"తను అక్కడే ఉండిపోయింది అత్తయ్యా."

ఆవిడ గేటు వైపు కాసేపు చూసి, "మంచిపని చేసింది," అన్నారు.