సర్వర్ స్విచ్చుకు బుచ్చన్న కట్టిపోయిన బోర్డు

శ్రీయుత బొగ్గు గనుల ఏరియా జనరల్ మేనేజర్ గారి సముఖమునకు,
కంప్యూటర్ సెక్షన్ క్లర్కు జాన్ ప్రసాద్, సెంటినరీ కాలనీ, వ్రాసుకొను విన్నపము.
2013, జనవరి.

విషయం: వెబ్ సర్వర్ స్విచ్చుకు ఎలక్ట్రీషియన్ బుచ్చన్న కట్టిపోయిన బోర్డును విప్పుటకు సదరు బుచ్చన్ననే గోలేటి నుంచి ఒక్కపూట పిలిపించుట మరియు నా పెళ్లి గురించి.

అయ్యా,

ఈ అర్జీని కాగితం మీద పెట్టుకొనుచున్నందుకు ముందుగా క్షమించగలరు. ఇకమీదట అర్జీలన్నియు ఏరియా వెబ్‌సైట్‌లోనే పెట్టవలెనని తమరే ఉత్తర్వు ఇచ్చియున్నారు. ఆ వెబ్‌సైట్‌ను నడుపు గుమాస్తాను నేనే. అది నడవడం లేదని ఫిర్యాదు చేయుటకు కూడా అందులోనే చేయవలసియున్నది గనుక, వేరే దారి లేక తెల్లకాగితం పట్టితిని.

1. మన వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పాతబడినదనియు, కొత్త వెర్షన్ వేయవలెననియు తమరు ఆదేశించినారు. వెబ్ సర్వర్ అనగా ఎవరు ఏ పేజీ అడిగినా తీసి ఇచ్చు సాఫ్ట్‌వేర్. మన ఆఫీసులో అడిగిన వెంటనే తీసి ఇచ్చునది అదొక్కటే. ఆదేశానుసారం పాత ఫైళ్లన్నిటికీ కాపీ తీసి భద్రపరచి, సర్వీసు ఆపి, కొత్తది వేసితిని. అది లేచినది గాని, వచ్చిన ప్రతివారికీ 'మీకు అనుమతి లేదు' అని చూపి తిప్పి పంపినది. తమరు చూసినప్పుడు తమరికి కూడా అదే చూపినది. ఆ సందర్భమున తమరు నన్ను అన్న మాటలు ఇచట వ్రాయుట మర్యాద కాదు. విచారించగా తేలినదేమనగా, సెట్టింగుల ఫైలులో అనుమతి వ్రాయు పద్ధతి కొత్త వెర్షన్‌లో మారినది. పాత పద్ధతిలో ఇచ్చిన అనుమతిని కొత్తది లెక్కచేయదు, కొత్త నమూనాలో మళ్లీ వ్రాసి ఇచ్చేదాకా గుమ్మం తీయదు. ఇంత జల్దీగా మన ఆఫీసు పద్ధతులు దానికి ఎవరు నేర్పినారో తెలియదు. ఆ వరుసను మార్చిన తర్వాత బుద్ధిగా నడిచినది.

2. అంతలో ఆ సర్వర్ నడిచే మిషన్ డబ్బా ముట్టుకున్నవారికి షాక్ కొట్టసాగినది. ఎర్తింగ్ చెడినదని బుచ్చన్న వచ్చి, మెయిన్ స్విచ్చు దించి, దానికి తన బోర్డు కట్టినాడు. 'మనుషులు పని చేయుచున్నారు. స్విచ్చు వేయరాదు' అని దాని మీద ఉండును. కింద సుద్దముక్కతో తన పేరు వ్రాసినాడు. తీరా చూస్తే స్టోర్సులో రాగి తీగ లేదు. తెల్లారి వస్తుందన్నారు. తెల్లారేలోపల బుచ్చన్నను దూరాన గల గోలేటి గనులకు బదిలీ చేస్తూ ఆర్డరు వచ్చినది, సాయంత్రానికే రిలీవ్ చేసినారు. బోర్డుకు మాత్రం బదిలీ కాలేదు.

3. తరువాత తీగ వచ్చినది. ఫోర్‌మన్ వీరేందర్ అన్న ఎర్తింగ్ పూర్తి చేసినాడు. ఇక బోర్డు విప్పి స్విచ్చు వేయుమని కోరగా జరిగిన సంభాషణ యథాతథంగా:

"బుచ్చన్న కట్టిండు. బుచ్చన్ననే ఇప్పాలె. నన్ను అడగకు తమ్మీ."
"పని అయిపోయింది గదనే?"
"నీకు ఎర్క, నాకు ఎర్క. బుచ్చన్నకు ఎర్క లేదు గద."

ఎవరు కట్టిన బోర్డును వారే విప్పవలెనన్నది గనిలో అందరికీ చిన్నప్పటి అక్షరాల వలె వచ్చిన సూత్రం. ఎలక్ట్రీషియన్లందరూ వచ్చి, చూసి, చేతులు వెనక్కి పెట్టుకొని పోయినారు. ఆఫీసు ఊడ్చే సమ్మవ్వను తమరు పిలిచి లాగేయమన్నప్పుడు ఆమె కూడా "దుమ్ము దులుపుత సారూ, బోర్డు ముట్ట" అన్నది. బుచ్చన్నను ఒకరోజు డ్యూటీ మీద పిలిపించుమని ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌ను అడుగగా, అట్టి దరఖాస్తు వెబ్‌సైట్‌లో పెట్టుమన్నారు.

4. కాలనీ కమ్యూనిటీ హాలును కూడా వెబ్‌సైట్ ద్వారా మాత్రమే బుక్ చేయవలెనని మరొక ఉత్తర్వు కలదు. సుజితతో నా పెళ్లి ఫిబ్రవరిలో మొదటి శనివారం నిశ్చయమైనది. అది దాటితే శ్రమల దినాలు వచ్చును. ఆ దినాల్లో చర్చి అయ్యగారు పెళ్లి చేయరు, ఈస్టర్ దాకా ఆగవలసిందే. నా ఉద్యోగం పర్మినెంట్ కాలేదని ఒక ఈస్టర్, క్వార్టర్ రాలేదని ఒక ఈస్టర్ ఇప్పటికే దాటించితిమి. సుజిత తెలియజేయునది ఏమనగా:

"ఊరందరికి హాలు రాసిచ్చేటోనివి నువ్వే. నీ పెండ్లికి నీకే హాలు దొర్కదంటే మా నాయినకు ఏం చెప్పాలె? ఈసారి గిట్ల దాటితే నన్ను మర్చిపో."

ఆమె ఊరికే బెదిరించు మనిషి కాదు. నాకు రాత్రిపూట అన్నం సయించడం లేదు.

5. "చదువుకున్నవాడివి, ఒక అట్టముక్క విప్పలేవా" అని తమరు అడిగినారు. విప్పలేను అయ్యా.

నా తండ్రి తోమాసు గనిలో బొగ్గు మోసే బెల్టుకు ఫిట్టరు. నేను బడికి పోయే రోజుల్లో, ఆయన బెల్టు కింద పని చేస్తుండగా స్విచ్చుకు బోర్డు కట్టినది ఈ బుచ్చన్ననే. పని అయిపోయినదనుకొని ఇంకెవరో దాన్ని విప్పి స్విచ్చు వేసినారు. వారికి చెడ్డ ఉద్దేశం లేదు, తొందరలో ఉన్నారు. నా ఉద్యోగం ఎట్లా వచ్చిందో తమరి ఫైలులో ఉంటది. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరు మిక్సీ గిన్నె కడిగినా మా అమ్మ సాయమ్మ పోయి స్విచ్చు దగ్గర నిలబడతది. కంప్యూటర్ గదిలో బెల్టు లేదని, అందులో ఎవరూ చావరని నాకు తెలుసు. బోర్డు దగ్గరికి పోతే మాత్రం చెయ్యి లేవదు, ఏడుపు వస్తది. ఈ పేరా అర్జీ నమూనాకు లోబడి లేదు, మన్నించగలరు.

కావున తమరు దయతలచి బుచ్చన్నను ఒక్కపూట పిలిపించి, బోర్డును విప్పించి, వెబ్ సర్వర్‌ను, నన్ను, సుజితను ఉద్ధరించగలరని ప్రార్థన. నా ఈ మొరను కాగితం మీద ఉన్నదని పక్కన పెట్టక చిత్తగించవలెను.

ఇట్లు,
హాలు దొరుకువరకు తమ విధేయుడు,
జాన్ ప్రసాద్

తా.క.: పై అర్జీని కవరులో పెట్టేలోపల బుచ్చన్న కాక రానే వచ్చిండు. మా అమ్మ ఫోన్ చేసిందట. తన వారపు సెలవు ఖర్చు పెట్టుకొని, గోలేటి నుంచి బస్సు మారి వచ్చిండు. స్విచ్చు ముందు నిలబడి గనిలో కేకేసినట్టే కేకేసిండు. "లోపల ఎవలన్న ఉన్నరా?" ఆ గదిలో ఒక మిషనూ ఒక కుర్చీ తప్ప ఏమీ లేవు. మళ్లీ నా దిక్కు తిరిగి "అందరు బయటికొచ్చిండ్రా బిడ్డా?" అని అడిగిండు. నేను తల ఊపిన. అప్పుడు బోర్డు విప్పి స్విచ్చు వేసిండు. కొత్త వెర్షన్ లేచింది, అందరికీ అనుమతి ఇచ్చింది.

వెంటనే హాలు బుక్ చేయబోతే హాలు గుమాస్తా అడ్డం వచ్చి ఒక నోటు చూపించిండు. ఆ శనివారం హాలును తమరు ముందే తీసుకున్నారట. కొత్త వెబ్‌సైట్ ప్రారంభోత్సవ సభ కోసమట. బుక్ చేసింది వెబ్‌సైట్‌లో కాదు, కాగితం మీద.

కాక ఆ నోటు చదివిండు. బోర్డు చంకల పెట్టుకొని నడుచుకుంట హాలుకు పోయి, అక్కడి మెయిన్ స్విచ్చు దించి, దానికి కట్టిండు. కింద సుద్దముక్కతో పేరు రాసిండు. హాలు గుమాస్తా వెంటబడి "ఇక్కడ ఏం పని నడుస్తుంది బుచ్చన్నా?" అని అడిగిండు.

"పెండ్లి పని," అని కాక గోలేటి బస్సు ఎక్కిండు. పెళ్లినాడు పొద్దుగాల వచ్చి, మా నాన్న జాగాల నిలబడి, తానే విప్పుతాడట. తమరు కూడా భోజనానికి రాగలరు.