చట్టం వచ్చేదాకా అన్నదమ్ములం

కుటుంబ నమోదు అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఒకే ఇంట ఇరవై మూడేళ్లుగా నివసించుచున్న ఇద్దరు మగవారిని, కొత్త పెళ్లి చట్టం అటో ఇటో తేలేవరకు, అన్నదమ్ములుగానే కొనసాగనివ్వవలెనని మనవి.

సూచిక: ఈ నెల పదకొండో తేదీన తమరు పంపిన నోటీసు, దానికి జతపరచిన ఆకాశరామన్న ఫిర్యాదు.

నేను తమ కార్యాలయం గేటు పక్కన, సైకిళ్ల స్టాండుకూ టీ బండికూ నడుమ బల్ల వేసుకుని అర్జీలు రాసేవాడిని. తమరు కారు దిగేటప్పుడు కుడివైపు కనిపించే నల్ల గొడుగు నాదే. తమ బల్ల మీదికి వచ్చే కాగితాల్లో సగం నా చేతివే. నా కోసం నేను రాసుకుంటున్న మొదటి అర్జీ మాత్రం ఇదే. ఊళ్లోవాళ్ల కష్టాలు రాసినంత శుభ్రంగా సొంత కష్టం రావడం లేదు, మన్నించవలెను.

1. కార్డు గురించి. ఇరవై మూడేళ్ల క్రితం నేనూ, వృత్తిరీత్యా దర్జీ అయిన ఒకాయనా కలిసి రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాం. ముందుగదిలో ఆయన కుట్టుమిషను, వెనకగదిలో మిగతా సంసారం. వాటా ఇచ్చిన ఇంటావిడ కుటుంబ కార్డు తెమ్మన్నది. తమ కార్యాలయపు మూడో కిటికీలో అప్పటి గుమాస్తా గారు తలెత్తకుండానే అడిగారు.

"ఈయన మీకేమవుతాడు?"

"కలిసి ఉంటామండీ."

"ఉండడం గురించి ఎవరడిగారు? ఏమవుతాడో చెప్పండి. అన్నా, తమ్ముడా, బావా, మేనమామా? తొందరగా, వెనక జనం ఉన్నారు."

అర్జీలు రాసేవాడికి ఒక నియమం ఉంటుంది. కాలమ్ ఖాళీగా వదలకూడదు. ఖాళీ ఉన్న ఫారం వెళ్లిన దారినే తిరిగి వస్తుంది. అలవాటు కొద్దీ 'తమ్ముడు' అని నింపి ఇచ్చేశాను. స్టాంపు పడింది. మెట్లు దిగాక దర్జీ, "నీకంటే మూడు నెలలు పెద్దవాణ్ణిరా నేను. అబద్ధమాడేవాడివి, కనీసం అన్న అని రాయలేకపోయావా?" అన్నాడు. ఈ విషయంలో ఆయన అలక నేటికీ తీరలేదని రికార్డు నిమిత్తం తెలియజేసుకుంటున్నాను.

2. అబద్ధం రాసినందుకు మాకు శిక్ష పడలేదు, మెచ్చుకోలు పడింది. వీధిలో మమ్మల్ని అర్జీ, దర్జీ అంటారు. ఇంటావిడ కొడుకులిద్దరూ ఒక ప్రహరీగోడ గురించి పదేళ్లుగా మాటల్లేకుండా ఉన్నారు. ఆవిడ వాళ్లని పిలిచి మరీ మమ్మల్ని చూపిస్తుంది. "చూసి నేర్చుకోండర్రా. అన్నదమ్ములంటే వాళ్లు. ఒకడికి జ్వరమొస్తే రెండోవాడు అన్నం మానేస్తాడు." మేము గోడ గురించి ఎన్నడూ పోట్లాడుకోలేదు. మా పోట్లాట అంతా కిటికీ గురించే. సూదిలో దారం ఎక్కించుకోవడానికి ఆయనకు వెలుతురు కావాలి, నా కాగితాలు గాలికి ఎగరకూడదు. ఇటువంటి తగాదా అన్నదమ్ముల మధ్య రాదని పెళ్లయిన వారెవరైనా చెప్పగలరు. కానీ ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

3. చట్టం గురించి. మగవారు మగవారినీ, ఆడవారు ఆడవారినీ పెళ్లాడవచ్చునంటూ ప్రభుత్వం వారు ముసాయిదా ఒకటి పెట్టి, ప్రజాభిప్రాయాలను ఈ నెల ఇరవయ్యో తేదీలోగా తమ కార్యాలయంలో ఇమ్మన్నారు. నా గొడుగు ముందు అంత జనాన్ని నేను ఎన్నడూ చూసి ఎరగను. అందరూ వద్దనేవారే. పనివాణ్ణి, వచ్చిన పని కాదంటానా? మూడు నమూనాలు తయారుచేశాను. ఒకటి, కుటుంబ వ్యవస్థ కూలిపోవును. రెండు, పిల్లలు చెడిపోవుదురు. మూడు, ప్రకృతి ఒప్పుకోదు. గుడ్డ ఎంచుకున్నట్టు వేలు పెట్టి చూపించేవారు. పింఛను తీసుకునే గుమాస్తా ఒకాయన మూడూ కలిపి రాయమన్నాడు. పళ్ల బండి ఆవిడ "కాస్త ఏడుపొచ్చేలా రాయి నాయనా" అంది. రాసి చదివి వినిపిస్తే ఆవిడా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మొత్తం రెండువందల పన్నెండు అభ్యంతరాలు. చట్టం కావాలనేవారు తొమ్మిదిమంది వచ్చారు. అందులో నలుగురు, వరసలో తెలిసినవాళ్లు కనబడేసరికి, చిరునామా మార్పు అర్జీ రాయించుకుని వెళ్లిపోయారు.

మా ఇంటావిడ పెద్దరికం కొద్దీ గేటు దగ్గరికి రాలేదు. మా ముందుగదిలోనే కూర్చుని, దర్జీ ఆవిడ కోటుకు జిప్పు మారుస్తుండగా, చెప్పి రాయించింది. "అట్లాంటి జంట నా ఇంట్లో దిగితే సామాన్లు వీధిలో పారేస్తానని రాయి బాబూ." రాశాను. ఆవిడ జిప్పు పైకీ కిందికీ లాగి చూసుకుని, "మీరిద్దరూ లేకపోతే ఈ ఇంట్లో నాకు దిక్కెవరు?" అంటూ వెళ్లిపోయింది. ఈ రెండో మాట చేర్చమనలేదు కనుక అభ్యంతరంలో చేర్చలేదు.

మొదటి నమూనాను తమరు పై అధికారులకు చదివి వినిపించారనీ, "భలే రాశాడే, ఎవరిదీ చెయ్యి?" అన్నారనీ టీ బండి దగ్గర విన్నాను. నాదేనండి. నా పెళ్లికి అడ్డంగా ఇంతకన్నా బాగా రాయగలవాడు ఈ చుట్టుపక్కల లేడు.

4. ఆ మెచ్చుకోలు విన్న సాయంత్రం ఇంటికి వెళ్లి లెక్క చెప్పాను. దర్జీ నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చాడు. ఆయన సూదులు తీశాడంటే నాకు మూడిందని అర్థం.

"రెండువందల పన్నెండు మందివి రాశావు. మనది ఎప్పుడు రాస్తావు?"

"వాళ్లు చెప్పారు, నేను రాశాను. అది వృత్తి. రాసేవాణ్ణే గానీ చెప్పేవాణ్ణి కాను కదా నేను."

"అదే నేననేదీ. ఇన్నేళ్లలో నీ నోటితో నువ్వు చెప్పిందేముంది గనక!"

తరువాత మూడు రోజులు మా మధ్య మాటల్లేవు. కిటికీ మాత్రం ఆయన తెరవడం, నేను మూయడం యథాప్రకారం జరిగినవి.

5. ఈ నెల నాలుగో తేదీన ఆయన మిషను మీదే ఒరిగిపోయాడు. గుండె. పద్దెనిమిదిన ఆపరేషను. నాకు చాలా భయంగా ఉన్నదండీ. దీనికి నా దగ్గర నమూనా లేదు.

6. ఆసుపత్రి నియమం ప్రకారం వార్డులోకి పాసు గానీ, ఆపరేషను కాగితం మీద సంతకం గానీ, భార్యాభర్తలకు లేదా రక్తసంబంధీకులకు మాత్రమే. కుటుంబ కార్డు చూపించాను. పాసు మీద 'అన్న' అని రాసి ఇచ్చారు. ఇరవై మూడేళ్ల నాటి నా అబద్ధం పుణ్యాన మంచం పక్కన స్టూలు దొరికింది. ఆయనకు నిజమైన అన్న ఒకరు వేరే ఊళ్లో ఉన్నారు. మేము కలిసి ఉంటున్నామని తెలిసిన రోజునుంచీ తమ్ముడి మొహం చూడనని ఒట్టు పెట్టుకున్న మనిషి. కార్డులో దర్జీ పేరు కొట్టేస్తే ఆ సంతకం ఆ అన్నగారిది అవుతుంది. మొహం చూడనివాడు గుండె సంగతి తేలుస్తాడా? తమరే ఆలోచించండి.

7. ఫిర్యాదు గురించి. దీన్ని రాయడానికి సిగ్గుగా ఉన్నది. ఆరో తేదీన మా వీధి ఇస్త్రీ షాపు ఆవిడ నా బల్ల దగ్గరకు వచ్చి చెప్పిన మాటలివి. "ఒక ఇంట్లో ఇద్దరు మగాళ్లు అన్నదమ్ములమని కార్డులో రాయించుకుని కాపురం చేస్తున్నారు. ఆ కార్డు తప్పని రాయి." నాకు ఇంకొక నియమం ఉన్నది. ఫిర్యాదుల్లో పేర్లు నా చెవిన వేయనివ్వను. ఆ చోట్లు ఖాళీగా వదిలి ఇస్తాను, ఇంటికెళ్లి నింపుకోమంటాను. రోజూ మొహాలు చూసుకునే వీధిలో ఎవరి మీద ఎవరు రాయించారో తెలిస్తే బతకలేం. ఎవరో పాపం దొరికిపోయారనుకుని జాలిపడుతూనే, 'తగు విచారణ జరిపించి సదరు తప్పుడు సంబంధమును తొలగించవలెను' అని చేతనైనంత గట్టిగా రాసి ఇచ్చాను. పదకొండో తేదీన తమ నోటీసుతోపాటు అది మా గుమ్మంలోకే వచ్చింది. అక్షరాలు నావి. ఖాళీల్లో ఉన్నవి మా ఇద్దరి పేర్లు. అవి మాత్రం ఎవరో వంకరటింకరగా నింపారు. సంతకం లేదు. ఇన్నాళ్లలో ఆవిడకు మేమేం ద్రోహం చేశామో తెలియదు. ఆనాటినుంచి ఆవిడకు బట్టలు వేయడం మానేశాను. ఇస్త్రీ లేని చొక్కాతోనే ఈ అర్జీ రాస్తున్నాను.

8. పద్దెనిమిదో తేదీలోగా మేము అన్నదమ్ములమని రుజువు చూపకపోతే పేరు కొట్టివేయబడునని నోటీసులో ఉన్నది. ఆపరేషను కూడా ఆ రోజే. రుజువులు లేవు. మా తల్లులు వేరు, తండ్రులు వేరు, ముక్కులు కూడా వేరు. భార్యాభర్తలమన్న రుజువులు కావాలంటే ఇంటినిండా ఉన్నవి గానీ, వాటిని తీసుకునే కిటికీ తమ కార్యాలయంలో ఇంకా తెరవలేదు. ఈ రోజున తమ్ముడు కాకపోతే ఆయన నాకు ఏమీ కాడు. కనుక కోరుకునేది ఒక్కటే. చట్టం తేలేవరకు ఆ అబద్ధాన్ని అలాగే ఉండనివ్వండి. ఇరవై మూడేళ్లు ఉన్నది, ఇంకొన్నాళ్లు ఉంటే కార్యాలయానికి వచ్చే నష్టం లేదు.

పై సంగతులు దయతో చిత్తగించి, కొట్టివేసే కలమునకు కొద్దికాలం మూతపెట్టి ఉంచవలెనని ప్రార్థన.

తేదీ పద్నాలుగు.

ఇట్లు,
తమ విధేయుడు,
కార్డు ప్రకారం అన్న,
గేటు పక్క గొడుగు కింద అర్జీలు రాసేవాడు

తా.క. అర్జీ ఇచ్చేముందు ఎవరికైనా చదివి వినిపించి సరిచూసుకోవడం నా అలవాటు. నాలుగు గంటలకు వార్డులో దర్జీకి చదివాను. కళ్లు మూసుకుని విన్నాడు. ఇస్త్రీ షాపు ఆవిడ దగ్గరికి వచ్చేసరికి నవ్వాడు.

"ఆవిడనేం అనకు. నేనే పంపాను. వార్డు దుప్పట్లు ఇస్త్రీ చేసి తెచ్చినప్పుడు, ఏం చెప్పి రాయించాలో నేనే నేర్పాను. కాగితం తెచ్చిస్తే ఖాళీలు నింపింది కూడా నేనే. కుడిచేతికి సెలైను ఉంది, ఎడంచేత్తో గీకాను."

"ఎందుకు చేశావురా ఈ పని?" అన్నాను.

"మన సంగతి ఒక్కసారైనా నీ చేత్తో రాయించాలని. ఇంకెలాగూ రాయవు కదా."

"మరి సంతకం?"

"డాక్టరమ్మని అడిగాను. తెలివిలో ఉన్నాను గనక నాది నేనే పెట్టుకోవచ్చంట. పెట్టేశాను."

"తర్వాత తెలివి రాకపోతే? మీ అన్నయ్యనే పిలుస్తారు. నన్ను గుమ్మం బయట నిలబెడతారు."

"నిలబెట్టనీ. ఇరవై మూడేళ్లు నీ తమ్ముడిగా బతికాను. తమ్ముడిగా మాత్రం పోనురా."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. వార్డు గుమ్మంలో కూర్చునే నర్సమ్మకు పాసు తిరిగి ఇచ్చేశాను. ఆవిడ 'అన్న' అన్న చోట చూసి, "ఏమైంది, పెద్దాయనా?" అంది.

"అది తప్పండీ. నేను ఆయనకు అన్నను కాను."

"మరేమవుతారు?"

ఇరవై మూడేళ్ల క్రితం మూడో కిటికీ దగ్గర అడిగిన ప్రశ్నే. ఈసారి నోటితోనే చెప్పాను. వెనక జనం ఉన్నారు, అయినా చెప్పాను. నర్సమ్మ నన్నూ, నా నలిగిన చొక్కానూ కాసేపు చూసింది. తరువాత కొత్త పాసు తీసి, ఆ ఒక్క చోటా ఏమీ రాయకుండా నా చేతికిచ్చి, "ఆరింటికల్లా బయటికి వచ్చేయాలి" అంది.

కాబట్టి అయ్యా, పై కోరికను ఉపసంహరించుకుంటున్నాను. తమకు అందిన ఫిర్యాదు అక్షరాలా నిజం. మేము అన్నదమ్ములం కాము. ఇస్త్రీ షాపు ఆవిడ గురించి రాసినదంతా కొట్టివేయవలెను. మా ఇంటావిడ తన అభ్యంతరం ప్రకారం సామాన్లు వీధిలో పారేయదలిస్తే, పద్దెనిమిదో తేదీ దాటాక పారేయమని తమరు ఒక మాట చెప్పవలెను. మిషను బరువుది, నేనొక్కడినే ఎత్తలేను.

జతపరచినది: చట్టం కావాలని అభిప్రాయం ఒకటి. నమూనా చూసి రాసినది కాదు. సంతకాలు రెండు, అందులో ఒకటి ఎడంచేత్తో పెట్టినది.

కార్డులో 'తమ్ముడు' అన్న మాట కొట్టేసి, ఆ కాలమ్‌ను ఖాళీగా ఉంచవలెను. ఒక ఫారంలో ఖాళీ వదలమని నేను అడగడం ఇదే మొదలు. చట్టం వచ్చిన రోజున మేమిద్దరం మూడో కిటికీకి వచ్చి, నర్సమ్మకు చెప్పిన మాట నింపుకుంటాం. ఒకవేళ నేనొక్కడినే వస్తే, అప్పుడు కూడా ఆ మాటే నింపనివ్వవలెను.